నీటికుక్కను పెంచిన జెర్డన్

గోరంట్ల వద్ద చిత్రావతి ఏరు సంవత్సరములో ఎక్కువ నెలలు ఇసుకగానే కనబడుతుంది. ఏడాది మొత్తము మీద 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ ఇది. అది కూడా సకాలములో కురిస్తే వేరుసెనగ పండుతుంది, లేకుంటే పొలము బీడుగానే మిగులుతుంది. ఏటిలో నీరు వచ్చిన సంవత్సరము మాత్రము ఆ నీరు ఉత్తరముగా పుట్టపర్తి మీదుగా, ధర్మవరము ప్రాంతమును దాటి, కడప జిల్లాలో పెన్నను చేరుతుంది. పెన్న గండికోట లోయలో దూరి, సిద్ధవటము కోటను ఒరసుకొని, నెల్లూరికి పోయి సముద్రములో పడుతుంది. ఈ నీటిదారి చివర నెల్లూరిలో 1842లో ఒక ఆంగ్ల వైద్యుడు ఉద్యోగములో చేరినాడు. ఆ దారి నడుమ ముండ్లపొదలలో తిరిగే ఒక పక్షికి నేటికీ ఆయన పేరే ఉన్నది. ఆ వైద్యుని ఇంటిలో పెరిగిన జంతువుల కథ కూడా ఆ పక్షి కథకు దూరమైనది కాదు.

థామస్ కావర్‌హిల్ జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హామ్ మండలములో జన్మించినాడు. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డన్. కుమారుడు 1828లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో మొదట సాహిత్య విద్యార్థిగా చేరి, తరువాత వైద్యమునకు మారినాడు. ఆ దినములలో ఆ విద్యాలయములో వైద్యము చదివేవారికి మొక్కలు, రాళ్లు, జంతువులు కూడా పాఠములే. చార్లెస్ డార్విన్ అంతకు ముందటి ఏడే అక్కడ చదువు విడిచి వెళ్లినాడు. డార్విన్‌కు వైద్యము రుచించలేదు. జెర్డన్‌కు రెండూ రుచించినవి. ఈస్టిండియా కంపెనీ ఆయనను సహాయ వైద్యునిగా నియమించగా 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవులో దిగినాడు.

మొదటి పని గంజాం సీమలో. జ్వరముతో, రక్తవిరేచనములతో పడియున్న సిపాయిలకు మందులిచ్చే పని అది. తీరిక దొరికినప్పుడు తూర్పు కనుమల పక్షులను చూచినాడు. మరుసటి ఏడు అశ్విక దళముతో దక్షిణమునకు, అటుపిమ్మట దక్కనులోని జాల్నాకు పోయి, అక్కడ నాలుగేండ్లు ఉన్నాడు.

ఆ కాలములో పక్షిశాస్త్రము జరిగే తీరు ఒకటున్నది. ఇక్కడ ఒకడు పక్షిని కాల్చి, చర్మమును ఒలిచి, దూది కూరి, పెట్టెలో పెట్టి ఓడకెక్కిస్తాడు. అక్కడ మరొక పండితుడు ఆ పెట్టె విప్పి దానికి లాటిన్ పేరు పెడతాడు. బ్రతికిన పక్షిని చూచినవాడు ఒకడు, పేరు పెట్టేవాడు మరొకడు. జెర్డన్ కూడా ఆ పద్ధతినే అనుసరించి, తాను కూర్చిన పక్షులను స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్తకు పంపినాడు. పెట్టె చేరేసరికి చర్మములను పురుగు తినివేసినది. ఎన్నో నెలల శ్రమ పొడియైనది. జెర్డన్ ఏడ్చి కూర్చోలేదు. ఇక మీదట ఇతరుల నిర్ణయమునకై ఎదురుచూడక తన కన్నులనే నమ్ముకొన్నాడు. 1839, 40 సంవత్సరములలో మద్రాసు సాహిత్య, విజ్ఞాన పత్రికలో దక్షిణభారత పక్షుల పట్టికను ప్రకటించినాడు. అందులో 420 జాతులు ఉన్నవి. కర్నల్ సైక్స్ అంతకు ముందు సిద్ధము చేసిన జాబితాకు ఇది దాదాపు రెట్టింపు. ఆ చిమ్మటలు చేసిన ఉపకారము చిన్నది కాదు. అవి ఆయనను దూరపు పండితుని నీడనుండి తప్పించి, చుట్టూ ఉన్న ప్రాణులవైపు, ఆ ప్రాణులను ఎరిగిన మనుష్యులవైపు త్రిప్పినవి.

1841లో నీలగిరులకు పోయినప్పుడు ఫ్లోరా మెక్‌లియడ్ అను కన్యను వివాహమాడినాడు. ఆమెకు మొక్కలమీద ప్రీతి, చిత్రలేఖనములో నేర్పు. సీతాళి వంటి ఆర్కిడ్ పూలను వర్ణచిత్రములుగా వ్రాసినది. భర్త తెచ్చే పాములను, తేళ్లను, పిల్లజంతువులను ఆ యిల్లాలు ఎట్లు భరించినదో ఏ గ్రంథమూ చెప్పదు. కాని ఆ ఇల్లు ఒకరి అభిరుచిని మరొకరు విసుగుకొనే ఇల్లు మాత్రము కాదని ఊహించవచ్చును.

మరుసటి ఏడు నెల్లూరు. జిల్లా వైద్యాధికారిగా వచ్చిన జెర్డన్‌కు అక్కడ యానాదులతో పరిచయమైనది. చిత్తడి నేలలలో, సముద్రతీరపు అడవులలో, చెరువు కట్టలమీద బ్రతుకు వెళ్లదీసే యానాదులకు ఏ పక్షి ఎక్కడ గుడ్డు పెడుతుందో, ఏ జంతువు ఏ వేళ కలుగు విడుస్తుందో తెలియును. ఆ విద్యకు పుస్తకము లేదు. దొరగారు వారి వద్ద కూర్చొని పేర్లు అడిగి వ్రాసికొన్నాడు, అలవాట్లు అడిగి వ్రాసికొన్నాడు. తరువాతి కాలములో ఆయన అచ్చువేసిన పెద్ద గ్రంథములలో లాటిన్ పేరు క్రింద హిందూస్తానీ, తమిళము, కన్నడము మొదలైన భాషల పేర్లతోబాటు తెలుగు పేర్లు కూడా వరుసగా కనబడతాయి. నీరుకుక్క, దేవాంగపిల్లి వంటి మాటలు అట్లు ఇంగ్లీషు శాస్త్రగ్రంథములకు ఎక్కినవి. ఆయన చెవికి వినబడినది రోమను లిపిలో పడినది గనుక కొన్ని పేర్లను నేడు తిరిగి తెలుగులో కూర్చుకొనుట కష్టమే. ఆ పేర్లు చెప్పిన యానాదులలో ఒక్కరి పేరైనా మనకు మిగలలేదు. ఆ కాలపు గ్రంథములలో ఇది మామూలు లోపము. మామూలైనంత మాత్రాన లోపము కాకపోదు.

ఆ పెన్నా పరీవాహక ప్రాంతమునుండియే ఒక వింత పక్షి జెర్డన్ చేతికి వచ్చినది. తీతువు కంటె చిన్నది. పొడవు కాళ్లు, పెద్ద కన్నులు, మట్టిరంగు వీపు, రొమ్ముమీద రెండు పట్టీలు. దానిని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ మ్యూజియమునకు పంపగా అక్కడి ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానిని క్రొత్తజాతిగా వర్ణించినాడు. రెండు పట్టీలు గలది అనే అర్థము వచ్చే లాటిన్ పేరు దానికి పెట్టినాడు. లోకవ్యవహారములో అది జెర్డన్ కోర్సర్ అయినది. మనవారికి అది కలివికోడి. కలివి పొదల నడుమ తిరుగుతుంది గనుక ఆ పేరు. జెర్డన్ తన గ్రంథములో వ్రాసికొన్న తెలుగు పేరు వేరు. అడవి అనే మాట తరువాత ఉటతిత్తి అనే మాట అందులో వినబడుతుంది. తీతువుకు దానికి చుట్టరికము ఉన్నదేమో, భాషావేత్తలు తేల్చవలసినదే.

నెల్లూరులో ఉన్న కాలముననే ఆయన మద్రాసులో భారతీయ పక్షుల చిత్రగ్రంథమును ప్రకటించినాడు. అందులో 50 చిత్రఫలకములు. అచ్చైన ప్రతి ఫలకమునకు చేతితో రంగులు వేసినవారు మన దేశపు చిత్రకారులే. ఈకమీద ఈక పేర్చినట్లున్న ఆ పనితనమును విదేశములవారు సైతము మెచ్చినారు.

1847లో జెర్డన్ పడమటి తీరమున తలశ్శేరికి వైద్యాధికారిగా మారినాడు. అక్కడ ఆయన ఇంటికి ఒక నీటికుక్క పిల్ల వచ్చినది. పల్లెలలో రామచిలుకను, ఉడుతను, కుందేలును, వేటకై పంజరములో కౌజును పెంచినవారిని ఎరుగుదుము. నీటికుక్కను పెంచినవారు అరుదు. అది చేపలు తిని ఏటిలో బ్రతికే ప్రాణి. ముంగికి పెద్దన్నవలె ఉండి, వ్రేళ్ల నడుమ పొరతో, నూనె రాసినట్లు మెరిసే బొచ్చుతో, నీటిలో బాణమువలె పోతుంది. జెర్డన్ ఇంటి నీటికుక్క మాత్రము కుక్కవలె ఆయన వెంట నడిచేది. సముద్రపు ఒడ్డున ఆయన షికారు పోయినప్పుడు తాను వెంట పోయి, అలలలో కొంతసేపు ఆడి, తిరిగి వచ్చి ఆయన కాలి వెంట పడేది.

పిల్లగా ఉన్నంత కాలము బాగుగానే జరిగినది. పెరిగిన తరువాత దానికి ఇల్లు చాలలేదు. ఒంటరిగా ఊరిమీదికి పోసాగినది. ఒకనాడు బజారుకు పోయి ఒక మాప్పిళ్ల బేరగాని పెద్ద చేపను నోట కరచుకొన్నది. అతడు విడిపించుకోజూచినాడు. అది విడువక తిరగబడినది. చివరకు చేప యజమానియే చేపను వదలుకోవలసి వచ్చినది. అది మొదలు నీటికుక్కకు బజారు దోపిడి నిత్యకృత్యమైనది. అది తిన్నదానికి దొరగారు డబ్బు చెల్లించుకొనేవాడు. దొర ఇంటి జంతువు తిన్న చేపకు బజారులో ధర కొంచెము పెరుగుట సహజమే గదా! ఉచితమైనదానికంటె ఎక్కువే ఇచ్చుకొన్నట్లు ఆయన గ్రంథములో ఒప్పుకొన్నాడు.

ఇక దీనిని వదిలించుకోవలెనని నిశ్చయించినాడు. నీటికుక్కను ఒక మూత పెట్టెలో పెట్టి, కొంతకాలము ఆహారమివ్వక, స్వయముగా పడవలో ఎక్కించుకొని, ఆ తీరపు ఉప్పుటేటి పాయలలో 7, 8 మైళ్ల దూరము తీసుకొనిపోయినాడు. నీరు నిండిన వరిమళ్లలో దానిని విడిచినాడు. కనుచూపుమేర దాటి అది పోయిన తరువాత, వచ్చిన దారిన కాక వేరొక దారిన పడవ త్రిప్పుకొని ఇల్లు చేరినాడు. పెట్టెలో ఉన్నందున దారి చూడలేదు. ఆకలిగా ఉన్నందున చేపల వెంట పడును. తిరుగుదారి వేరు గనుక వాసన పట్టలేదు. ఒక వైద్యుడు ఆలోచించదగినంతా ఆలోచించినాడు.

ఆ రాత్రి ఊరిలో మొహరం. గూగూడు కుళ్లాయిస్వామి పీర్లను చూచిన అనంతపురమువారికి ఆ సందడి వర్ణించి చెప్పనక్కరలేదు. జెర్డన్ తన ఇంటికి మైలున్నర దూరములో, పండుగకై వేసిన పందిరిలో కూర్చొని ఆ వేడుక చూస్తున్నాడు. రాత్రి సుమారు 9 గంటలైనది. జనము నడుమనుండి నీటికుక్క లోపలికి వచ్చినది. పందిరి నేల మీదుగా నడచి, ఆయన పాదముల వద్దకు వచ్చి పడుకొన్నది.

జెర్డన్ ఆ వృత్తాంతమును అక్కడితో ఆపివేసినాడు. 7, 8 మైళ్ల నీటిదారి ఎట్లు కనుగొన్నది, ఇల్లు కాదని పందిరికే ఎట్లు వచ్చినది అనే ప్రశ్నలకు ఆయన జవాబు కల్పించలేదు. శాస్త్రగ్రంథములో చూచినంతవరకే వ్రాయవలెననే నియమము ఆయనది. కాని జంతువుల కొలతలు, దంతముల సంఖ్య, రంగుల వర్ణన నిండిన ఆ గ్రంథములో ఈ ఒక్క పుటను చదివినవారు దానిని మరువరు. తరువాత భారత జంతువులను గూర్చి వ్రాసిన రచయితలు ఈ కథను మరల మరల తమ పుస్తకములలో చేర్చుకొన్నారు.

ఆ కాలములో మనుష్యుడు అడవి ప్రాణిని ఇంటికి తెచ్చుటకు కారణము ముచ్చట ఒక్కటే కాదు. దేవాంగపిల్లి సంగతి చూడవచ్చును. అరచేతిలో పట్టే ఒళ్లు, సన్నని చేతులు, ముఖమంతా తానే అయినట్లుండే రెండు కన్నులు గల ఆ రాత్రిజీవిని తూర్పు కనుమలనుండి పట్టి బ్రతికియుండగానే మద్రాసు అంగళ్లకు తెచ్చి అమ్మేవారు. దాని కన్నులు కంటి జబ్బులకు మందని నాటు వైద్యులు నమ్మినారు. జెర్డన్ వైద్యుడు. ఈ సంగతిని ఆయన గ్రంథములో నమోదు చేసినాడు. చూడముచ్చటైన కన్నులే ఆ మూగప్రాణికి మృత్యువైనవి.

పడమటి తీరము తరువాత మధ్యభారతము. 1857 తిరుగుబాటు నాళ్లలో జెర్డన్ సాగర్ పట్టణములో అశ్విక దళపు వైద్యుడు. అక్కడ ఆయన ఇంటికి ఒక చీతా కూన వచ్చినది. మన వాడుకలో చిరుత అన్న మాట చెట్టెక్కి కూర్చొనే చిరుతపులికి స్థిరపడినది. ఇది అది కాదు. సన్నని నడుము, పొడవైన కాళ్లు, కన్నులనుండి నోటివరకు కన్నీటి చారవంటి నల్లని గీత గల వేటచిరుత. పరుగులో దీనిని మించిన నేలజంతువు లేదు. సుల్తానులు, మొగలులు, సంస్థానాధీశులు దీనిని పట్టించి, కన్నులకు గంతలు కట్టించి, బండిమీద కృష్ణజింకల వేటకు తీసుకొనిపోయేవారు.

జెర్డన్ దానిని బండికి కట్టలేదు. తన గ్రేహౌండ్ కుక్కపిల్లలతో కలిపి పెంచినాడు. బిల్లీ అని పేరు పెట్టినాడు. కుక్కపిల్లలకు దానికి త్వరలోనే స్నేహము కుదిరినది. అది పెరిగి పెద్దదై వాటి మీదికి ఎగిరి దూకినప్పుడు మాత్రము వాటికి ఆ సరసము అంతగా నచ్చేది కాదు. పేరు పెట్టి పిలిస్తే గుర్తించేది. ఆయన గుఱ్ఱమెక్కి పోతే వెంట వచ్చేది. దారిలో కొన్ని క్షణములు కూర్చొని, మరల ఒక్క పరుగున వచ్చి కలిసేది. నిమిరితే పిల్లివలె గురగుర శబ్దము చేసేది. చెట్టు మొద్దు గాని, గడ్డివామి గాని కనబడితే ఎక్కి కూర్చొని నలువైపులా కదిలే ప్రాణి కోసము చూచేది.

ఆ చూపే ఇల్లు చాలని జంతువు చూపు. మొదట ఆవరణలోని గొఱ్ఱెలమీద పడినది. జెర్డన్ గుఱ్ఱపు కొరడాతో కొట్టి ఆ అలవాటు మాన్పినాడు. తరువాత గాడిదలమీద పడి వాటి తాపులు తిన్నది. సగము పెరగకముందే ఆ ఇంటిలోనే ఉన్న పెంపుడు మనుబోతు మీదికి ఉరికి, వారు వచ్చి విడిపించేలోపల దాని కాళ్లను గాయపరచినది. ఇట్లు ఒక పెంపుడు జంతువు మరొక పెంపుడు జంతువును వేటాడినది. దీనికి బిల్లీని తప్పు పట్టుటకు లేదు. రెండింటినీ ఒక గోడ లోపలకు తెచ్చినది మనుష్యుడు. జెర్డన్ తరువాత చింకారాలను పట్టించి తెచ్చి, దానికి వేట నేర్పుటకై వదలినాడు. పరుగులో సులభముగానే అందుకొనేది. పడద్రోసి పట్టి ఉంచుట మాత్రము దానికి తెలియలేదు. తల్లి వద్ద నేర్వవలసిన విద్య అది, కొరడా గల యజమాని నేర్పగలది కాదు. చింకారా దూరముగా పోతే పరుగు మానేది. అప్పుడు ఒక గ్రేహౌండును విడిస్తే దాని వెనుక తానూ పోయేది. తాను చీతానో కుక్కనో తేల్చుకోలేని స్థితి కాబోలు. క్రమముగా పని అలవడుతున్న సమయములో జెర్డన్‌కు యుద్ధరంగమునకు పిలుపు వచ్చినది. చీతాను ఇతరులకు అప్పగించి వెళ్లినాడు.

నీటికుక్కను వదిలించుకొనుటకు ఆయన పోయినాడు. చీతాను విడిచి పోవలసి వచ్చినది. రెండు కథలకూ ముగింపు ఎడబాటే. ఉద్యోగి ఇంటిలో పెరిగిన అడవి ప్రాణికి బదిలీ కాగితమే విధి. కంటోన్మెంటు బంగళాలలో ఎలుగు పిల్లలు, లేళ్లు, కోతులు పెరుగుట అప్పట్లో వాడుక. యజమాని ఊరు మారినప్పుడు వాటి గతి ఏమైనదని ఆలోచించినవారు తక్కువ. జెర్డన్‌లో ఉన్న విశేషము ఏమనగా, పెంపకములో తనకు ఎదురైన ఓటమిని దాచలేదు. చేపలకు తాను చెల్లించిన సొమ్ము, తాను కొట్టిన కొరడా దెబ్బలు, తన ఇంటిలో గాయపడిన మనుబోతు, అన్నీ గ్రంథస్థము చేసినాడు. జంతువు పొగడ్తకు గాని, యజమాని గొప్పకు గాని కథను సవరించలేదు.

దూది కూరిన చర్మమునుండి రంగు తెలుస్తుంది, కొలత తెలుస్తుంది. గడ్డివామి ఎక్కి చీతా దేనికోసము చూస్తుందో తెలియదు. నీటికుక్క ఎంత దూరమునుండి తిరిగి రాగలదో తెలియదు. జెర్డన్ గ్రంథములు లండను మ్యూజియములో కూర్చొని వ్రాసినవారి గ్రంథములకంటె వేరుగా ఉండుటకు కారణము ఇదే. ఆయన కూడా తుపాకి పట్టినవాడే, వేలకొలది పక్షులను కాల్పించినవాడే. ఆ కాలపు శాస్త్రమునకు అది తప్పని పనిగా ఉండెను. అయినను ఆయన వ్రాతలో చచ్చిన ప్రాణి కంటె బ్రతికిన ప్రాణి ఎక్కువ చోటు ఆక్రమించినది.

ఆయన పెద్ద సంకల్పము వేరు. ఈ దేశములో ఊరూరా ఉద్యోగము చేసేవారికి, గ్రంథాలయములు లేని చోట, ఒక పక్షి కనబడితే ఏదో తెలుసుకొనుటకు ఉపకరించే చేతిపుస్తకము లేదు. భారతదేశపు వెన్నెముక గల జంతువులన్నింటికీ వరుసగా అట్టి గ్రంథములు వ్రాయవలెనని తలపెట్టినాడు. గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభువు ఆ పనికి ఆయనను ప్రత్యేకముగా నియోగించినాడు. 1862 నుండి 1864 వరకు కలకత్తాలో పక్షుల గ్రంథము భాగములుగా వెలువడినది. వేయికి పైగా జాతులు అందులో ఉన్నవి. 1867లో రూర్కీలోని ఇంజనీరింగ్ కళాశాల ముద్రణాలయములో స్తన్యజంతువుల గ్రంథము అచ్చైనది. నీటికుక్క, బిల్లీ ఉన్నవి ఈ రెండవ గ్రంథములోనే. చేపలు, చీమలు, పాములు, బల్లులు కూడా ఆయన పరిశోధనలో భాగమే. ఎగిరి దూకే ఒక జాతి చీమను 1851లో శాస్త్రలోకమునకు మొదట తెలిపినవాడు ఆయనే. దానిని నేడు జెర్డన్ చీమ అని పిలుస్తారు. ఆయన పేరు పెట్టుకొన్న గద్ద ఉన్నది, భరతపక్షి ఉన్నది, మానుపిల్లి ఉన్నది, విషసర్పము కూడా ఉన్నది.

ఉద్యోగ విరమణ తరువాత జెర్డన్ వెంటనే స్వదేశమునకు పోలేదు. గౌహతి పరిసరములలో తిరిగినాడు. ఎవరూ సరిగా చూడని అడవులు అవి. అక్కడి జ్వరము ఆయనను పట్టి విడువలేదు. 1870లో ఇంగ్లండు చేరినాడు. సరీసృపముల గ్రంథము పూర్తి కాలేదు. 1872 జూన్ 12న లండను పొలిమేరలోని అప్పర్ నార్‌వుడ్‌లో మరణించినాడు. అరువదియొకటవ ఏట ఉన్నాడు. పక్షుల గ్రంథమును 1877లో గాడ్విన్ ఆస్టెన్ తిరిగి అచ్చు వేయించినాడు.

ఆయన మరణించిన నూరేండ్లకు సరిగా 1972లో భారతదేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. జెర్డన్ తలశ్శేరిలో చేసినది నేడు ఎవరైనా చేస్తే శిక్షార్హమైన నేరము. నీటికుక్కను గాని, దేవాంగపిల్లిని గాని, చివరకు రామచిలుకను గాని ఇంటిలో పెట్టుకోరాదు. రాయలసీమ చిట్టడవులలో ఉండే నక్షత్ర తాబేలుకు వీపుమీది చుక్కలే శత్రువులైనవి. విదేశములలో ముచ్చటకు పెంచుకొనేవారికై దానిని సంచులలో మూటగట్టి దొంగతనముగా తరలించినారు. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారమును పూర్తిగా నిషేధించినారు. మన అడవిప్రాణులు దొరకకపోతే నగరములలో విదేశపు ఉడుములు, కొండచిలువలు, చిన్న కోతులు ఇండ్లలోకి వచ్చినవి. అట్టివానిలో అంతర్జాతీయ పట్టికలో చేరిన ప్రాణులను పెంచువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించవలెనని 2024లో నియమములు వెలువడినవి.

బిల్లీ జాతి ఈ దేశమున నిలువలేదు. పట్టి తెచ్చిన చీతా ఇండ్లలో పిల్లలను కనుట మిక్కిలి అరుదు. అందువలన వేటకు కావలసిన ప్రతి చీతానూ అడవినుండే తేవలసి వచ్చినది. గడ్డిమైదానములు పొలములైనవి, జింకలు తరిగినవి. ఇరువదవ శతాబ్దిలో కొందరు సంస్థానాధీశులు ఆఫ్రికానుండి చీతాలను కొని తెప్పించుకొన్నారు. 1952లో భారతదేశమున చీతా అంతరించినదని ప్రకటించినారు. 2022 సెప్టెంబరులో నమీబియానుండి విమానములో తెచ్చిన చీతాలను మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో విడిచినారు.

కలివికోడి కథ వేరు విధముగా నడచినది. దానిని ఎవరూ పెంచలేదు. అది పగలు పొదల నీడలో దాగి రాత్రి తిరుగుతుంది గనుక చూచినవారే తక్కువ. 1900లో హోవర్డ్ క్యాంబెల్ అనే ఆయన అనంతపురము ప్రాంతములో చూచిన తరువాత దాని జాడ శాస్త్రజ్ఞులకు తెలియరాలేదు. నశించినదనుకొన్నారు. 86 సంవత్సరములు గడచినవి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ సిద్ధవటము వద్ద లంకమల కొండల అంచున దానిని తిరిగి కనుగొన్నాడు. బొమ్మ చూపించి ఊరూరా అడుగగా, అది తమకు తెలిసిన పక్షియేనని అక్కడి పల్లెవారు చెప్పినారు. జెర్డన్ నాటి యానాదుల వలెనే వీరికి కూడా తెలిసిన సంగతినే శాస్త్రము ఆలస్యముగా విన్నది. రాత్రివేళ దీపపు వెలుగులో ఒక వేటగాడు ఒక పక్షిని ప్రాణముతో పట్టినాడు. దానిని మేపి నిలుపవలెనని ప్రయత్నించినారు. కొద్ది దినములలోనే అది చనిపోయినది. నీటికుక్కవలె, చీతావలె మనిషి ఇంటికి అలవడే ప్రాణి కాదది.

1988లో లంకమలను అభయారణ్యముగా ప్రకటించినారు. తెలుగుగంగ కాలువ త్రవ్వకము దాని ఉనికిపట్టుకు చేరువగా వచ్చినప్పుడు వివాదము చెలరేగి, చివరకు కాలువ దారి మార్చినారు. 2013లో మరొక విచిత్రము జరిగినది. స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో ఒక పాత గ్రుడ్డు బయటపడినది. 1917లో కోలారు బంగారు గనులలో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించినది అది. పరీక్షించి చూడగా కలివికోడి గ్రుడ్డని తేలినది. 1900 నాటి అనంతపురము గోరంట్లకు ఉత్తరముగా, 1917 నాటి కోలారు దక్షిణముగా ఉన్నవి. ఆ రెండింటి నడుమ ఉన్న బీళ్లు, ముండ్లపొదలు, రాళ్లగుట్టలు అప్పుడు ఎంత విస్తారముగా ఉండినవో, ఆ పక్షి వాటిలో ఎంతవరకు తిరిగినదో చెప్పగల యానాదిని గాని, ఎరుకలవానిని గాని ఆనాడు ఎవరూ అడగలేదు.

లంకమల అంచున ఆ పక్షిని వెదికిన శాస్త్రజ్ఞులు వలను గాని, తుపాకిని గాని వాడలేదు. పొదల నడుమ ఖాళీ నేలను చదును చేసి, సన్నని మట్టి పరచి, సాయంత్రము వదలివచ్చేవారు. తెల్లవారి పోయి చూస్తే ఆ మట్టిమీద కుందేలు అడుగులు, కముజు అడుగులు, గొఱ్ఱెల గిట్టలు ఉండేవి. ఏ కొన్ని ఉదయములలోనో, వాటి నడుమ, మూడు వ్రేళ్ల చిన్న పాదము పడి ఉండేది.